చిక్కుడు గింజకు ముహూర్తం

1863 జనవరి 12, సోమవారం. కలకత్తాలో వివేకానందుడు పుట్టిన ఆ రోజు మకర సంక్రాంతి. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14న వస్తోంది, కొన్ని ఏళ్ళు 15న. నూట అరవై ఏళ్ళలో పండగ రెండు మూడు రోజులు ఆలస్యమైందన్న మాట. కదిలింది సంక్రాంతి ఒక్కటే అయితే అరిసెలు వండేవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. దానితో పాటు రోహిణి, మృగశిర, ఆరుద్ర, మఖ, స్వాతి, మొత్తం ఇరవై ఏడు కార్తెలూ కదిలాయి. తెలుగు పల్లెల్లో పెరట్లో బీర గింజ పెట్టే రోజు దగ్గర్నుంచి ధనియాలు చల్లే రోజు దాకా అన్నీ ఆ కార్తెల మీద చెప్పుకున్నవే.

కార్తె లెక్క పైకి తేలికైనది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులు ఉంటాడు. ఏప్రిల్ 13, 14 తేదీల్లో అశ్విని మొదలవుతుంది. మే 25కు రోహిణి, జూన్ 7, 8 తేదీలకు మృగశిర, 21, 22కు ఆరుద్ర. తిథుల్ని నమ్ముకుంటే ఈ నిలకడ ఉండదు. చాంద్రమాన నెలలు ఏడాదికి పదకొండు రోజులు ముందుకు వచ్చేసి, అధికమాసం పడినప్పుడు మళ్ళీ వెనక్కి వెళతాయి. జ్యేష్ఠం ఒక ఏడు మే నడిమికే వచ్చేస్తే మరో ఏడు జూన్ నడిమి దాకా రాదు. ఇంత ఊగిసలాట విత్తనానికి పనికిరాదు. అందుకే పండక్కి తిథి, పొలానికీ పెరటికీ కార్తె అని తెలుగువాళ్ళు ఒకే పంచాంగంలో రెండు కొలతలు పెట్టుకున్నారు.

శాస్త్రగ్రంథాల పద్ధతి ఇది కాదు. వరాహమిహిరుడి బృహత్సంహితలో వృక్షాయుర్వేదం అనే అధ్యాయం ఉంది. మొక్క నాటడానికి రోహిణి, మూల, విశాఖ, శ్రవణం, హస్త, రేవతి వగైరా మంచివని అందులో ఉంది. కానీ అవి ఆ రోజు చంద్రుడున్న నక్షత్రాలు. నెలకోసారి తిరిగి వస్తూనే ఉంటాయి. అంటే ఏ నెలలోనైనా ఒక మంచిరోజు చూపించగల లెక్క అది. వాన కోసం ఎదురుచూసేవాడికి అది ఏ మూలకూ రాదు. సురపాలుడి పేరు మీద ఉన్న మరో వృక్షాయుర్వేదం 325 శ్లోకాల గ్రంథం. దాని ప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో చాలాకాలం ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ తరఫున వై.ఎల్. నెనె దాన్ని తెప్పించారు. నళినీ సాధలే ఇంగ్లీషులోకి అనువదించగా 1996లో అచ్చయింది. గుంట తీయడం, గింజకు పాలూ పేడా పట్టించడం, చెట్టు జబ్బులు, మందులు అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. అయినా పెరట్లో చిక్కుడు పాదు పెట్టే ఇల్లాలు ఈ రెండు పుస్తకాల మొహమూ చూసి ఉండదు. ఆమెకు ఉగాదినాటి పంచాంగ శ్రవణం ఉంది. ఆ ఏటి సస్యాధిపతి ఎవరో, మేఘాధిపతి ఎవరో, ఎన్ని కుంచాల వానో అయ్యవారు చదివితే వినేది. ఆ తరువాత ఆకాశం చూసి తన పని తాను చేసుకునేది.

కార్తెలు కదలడానికి కారణం ఇరవై నిమిషాలు. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మళ్ళీ అక్కడికే రావడానికి పట్టే కాలం, ఋతువులు ఒక చుట్టు తిరిగే కాలం కంటే దాదాపు అంత ఎక్కువ. ఆ ఎక్కువ పోగుపడి సుమారు 70 ఏళ్ళకు ఒక రోజవుతుంది. వరాహమిహిరుడు ఈ సంగతి గమనించాడు, దాచనూ లేదు. సూర్యుడు ఆశ్లేష సగంలో దక్షిణానికి తిరుగుతాడని పాత శాస్త్రాలు చెబుతున్నా, తన కాలంలో కర్కాటకం మొదట్లోనే తిరుగుతున్నాడని, ఎవరికి వారు చూసి తేల్చుకోవచ్చునని 6వ శతాబ్దంలోనే రాశాడు. కర్కాటకం మొదలంటే పునర్వసు నాలుగో పాదం. ఈ రోజుల్లో జూన్ 21న సూర్యుడు ఉండేది మృగశిర చివర, ఆరుద్ర గడప మీద.

వరాహమిహిరుడి కాలానికి వెనక్కి లెక్క వేస్తే మృగశిర మే నడుమ వచ్చిపోయేది. పునర్వసు వస్తే గానీ జూన్ రెండో వారం అయ్యేది కాదు. ఇక సామెతలు చూడండి. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు. ఉత్తర చూసి ఎత్తర గంప అంటారు, అంటే ఉత్తర కార్తె దాకా వాన పడకపోతే ఊరు వదిలి పొమ్మని. ఉత్తర ఇప్పుడు సెప్టెంబరు 13 ప్రాంతంలో వస్తుంది. ఆ మాటకు ఆ తేదీ సరిగ్గా కుదురుతుంది. వరాహమిహిరుడి నాడు ఉత్తర ఆగస్టు 20కే వచ్చేది. ఆగస్టు 20కే వాన మీద ఆశ వదులుకుని గంప నెత్తికెత్తుకునే రైతు ఉంటాడా? కాబట్టి ఈ సామెతలు అనాది కాలానివని చెప్పడం కష్టం. ఇవి గత కొద్ది శతాబ్దాలలో పుట్టినవైనా కావాలి, లేదా పాత మాటలోంచి ఒక నక్షత్రం తీసేసి మరో నక్షత్రం పెట్టుకున్నవైనా కావాలి. ఎలా చూసినా ఆ దిద్దుబాటు చేసింది పంచాంగకర్తలు కాదు, నేల తడిసిందో లేదో వేలు పెట్టి చూసుకున్నవాళ్ళు.

పెరటి పని నిజానికి తొలకరి పడే మృగశిరకు ముందే, ఎండలు మండే రోహిణిలోనే మొదలయ్యేది. పందిరి వేసే చోట మోకాలి లోతు గుంటలు తీసి ఎండకు వదిలేసేవారు. మట్టి కాలి పురుగూ గుడ్డూ చచ్చేది. తరువాత పశువుల పెంట, పొయ్యిలో బూడిద కలిపి పూడ్చి పాదు కట్టేవారు. గింజలు అంతకు ముందు ఏడాదివి. ముదరపెట్టిన బీరకాయ తీగ మీదే ఎండిపోతే దాన్ని చూరుకు వేలాడదీసేవారు. ఎండిన ఆనపబుర్రలో బూడిద కలిపిన గింజలు పోసి మూతి బిగించేవారు. గుమ్మడి గింజల్ని పేడలో కలిపి పిడకలా గోడకు కొట్టేవారు. కావలసినప్పుడు ఆ పిడకను తుంచి నానబెడితే గింజ బయటికి వస్తుంది.

తొలకరి పడిన మర్నాడు పాదుకు నాలుగైదు గింజలు. మొలిచాక బలమైనవి రెండు ఉంచి మిగతావి పీకేయడం. బీర, ఆనప, పొట్ల, కాకర, గుమ్మడి, చిక్కుడు అన్నీ ఒకే రోజు నేలలో పడేవి. బెండ, గోరుచిక్కుడు, గోంగూర వాటి పక్క మళ్ళలో. నలభై అయిదు రోజులకు బెండ, రెండు నెలలకు బీర, ఇంకాస్త ఆగి పొట్ల. పొట్లకాయ వంకర పోకుండా చివర చిన్న రాయి కట్టడం పిల్లల పని. శ్రావణ భాద్రపదాల్లో పందిరి నిండేది. ఎటొచ్చీ ఆషాఢంలో కొత్త కూర ఏదీ పెద్దగా ఉండేది కాదు, ఆకుకూరలు తప్ప. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మను ఆషాఢంలో శాకంబరిగా కాయగూరలతో నిలువెల్లా అలంకరిస్తారు. ఆ కాయలన్నీ ఆ తొలకరికి పెట్టిన పాదులవే అనుకుంటే లెక్క కుదరదు. బావికింద పండించినవీ దూరాల నుంచి వచ్చినవీ కావాలి.

అదే పెరట్లో కార్తెతో పని లేని మూల మరొకటి ఉండేది. గిన్నెలు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు పారే కాలవ వెంబడి బచ్చలి, చేమ, అరటి, కరివేపాకు, పుదీనా. వాటికి ఏడాది పొడవునా తడే. పందిరి వానది, కాలవ ఇంటిది. ఆకాశం మొహం చాటేసిన ఏడు కూడా ఆ మూలే ఇంట్లో ఆకుకూర లేకుండా పోకుండా చూసింది. కరువుల చరిత్ర రాసేవాళ్ళు చెరువులూ కాలవలూ లెక్కపెడతారు. ఈ అంట్ల నీళ్ళ సేద్యాన్ని మాత్రం ఎవరూ లెక్క వేయలేదు.

చలి ముదిరే ముందు రెండో దఫా. హస్త, చిత్త, స్వాతి కార్తెల్లో అంటే సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి దాకా మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి. ధనియాలను అలాగే చల్లితే సరిగా మొలవవు. చాపమీద పోసి అరికాలితో, లేదా చెక్కతో మెల్లగా నలుపుతారు. ఒక్కో ధనియం రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్ద ఒక్కో గింజ. మరీ గట్టిగా నలిపితే పప్పు చితికిపోతుంది, మెతగ్గా నలిపితే విడిపోదు. ఎండాకాలంలో చల్లినా మొలుస్తుంది గానీ, వేడికీ పొడుగు పగళ్ళకూ నాలుగు ఆకులు వేసీవేయకముందే కాడ సాగి పూతకు వస్తుంది. అందుకే కొత్తిమీర కట్ట మే నెలలో ప్రియం, డిసెంబరులో చవక.

ఈ కార్తెల వరస తెలుగు నేలంతటా ఒకలా నడిచేది కాదు. ఆదిలాబాదుకు వాన జూన్, జూలై, ఆగస్టుల్లో. నెల్లూరుకు పెద్ద వాన అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య ఋతుపవనంతో. తెలంగాణలో మృగశిరకు పాదు పెట్టి దసరాకు పందిరి దులిపేస్తుంటే, నెల్లూరు దిక్కున అప్పుడే నేల పదునెక్కుతుంది. సముద్రం ఒడ్డున ఇంకో చిక్కు, తుపాను. విశాఖ, అనూరాధ కార్తెల గాలికి కాపు మీదున్న పందిరి నిలుస్తుందో లేదో చెప్పలేరు. దివిసీమను ఉప్పెన ముంచెత్తిన 1977 నవంబరు 19 సరిగ్గా ఆ కార్తెల నాటిదే.

పెట్టిన పాదు సరైన కాలానికి పడిందో లేదో తేల్చేది పండగ. బతుకమ్మ నాటికి గుమ్మడి పూత ఉండాలి. సంక్రాంతికి గొబ్బెమ్మ నెత్తిన పెట్టడానికి గుమ్మడి పువ్వు, వంటింట్లో దప్పళానికి పండిన గుమ్మడికాయ రెండూ కావాలి. అన్నిటికంటే కచ్చితమైన పరీక్ష రథసప్తమి. మాఘమాసంలో, జనవరి చివర గానీ ఫిబ్రవరిలో గానీ వచ్చే ఆ రోజు ఎండ పడే చోట పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు. చిక్కుడు కాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం చేస్తారు, పరమాన్నాన్ని చిక్కుడు ఆకుల్లో నైవేద్యం పెడతారు. ఆ వేళకు పెరట్లో చిక్కుడు లేని ఇల్లు పక్కింటికి వెళ్ళాల్సిందే.

రథానికి ఈ కాయే ఎందుకంటే ఆ రోజుల్లో విరగకాసేది అదే. దాని కాపు సూర్యుడి చేతిలో ఉందన్నది ఈ పండగలో తెలిసీ తెలియక ఇమిడిపోయిన సంగతి. పాతరకం పందిరి చిక్కుడును జూన్‌లో పెట్టినా, జూలైలో పెట్టినా, ఆగస్టు మొదట్లో పెట్టినా పూత అక్టోబరు, నవంబరుల్లోనే. ముందు పెట్టిన పాదుకు తీగ పెరుగుతుంది తప్ప కాయ ముందుకు రాదు. దీనికి శాస్త్రం దొరికింది 1920లో. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు ఎంతకీ పూత పట్టని ఒక పొగాకు రకంతో తంటాలు పడుతూ, వారాల తేడాతో విత్తిన బిలాక్సీ సోయా మొక్కలన్నీ ఇంచుమించు ఒక్కసారే పూయడం గమనించారు. పగలు ఒక హద్దు కంటే కురచ అయితేనే కొన్ని మొక్కలు పూస్తాయని తేల్చారు. చిక్కుడు ఆ కోవలోది. గోంగూరా అంతే. హైదరాబాదులో జూన్ పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరుకు 11 గంటల పైచిలుకుకు వస్తుంది. ఆ రెండు గంటల తేడాను మొక్క పట్టుకుంటుంది. తొలకరికి చల్లిన గోంగూర నెలల తరబడి ఆకు ఇస్తుంది. దసరా దాటాక చల్లితే జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగి ఆకు తగ్గిపోతుంది.

పగటి పొడవు మారే చోటికి మనుషులు గింజలతో సహా వలస వెళితే ఏమవుతుందో దక్షిణాఫ్రికా చెబుతుంది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలతో వెళ్ళిన మొదటి ఓడ అది. దానిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒప్పందం తీరాక చాలామంది చిన్న చిన్న ముక్కలు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించి, డర్బన్ వీధుల్లో గంపలతో అమ్మి నిలదొక్కుకున్నారు. వాళ్ళు దిగిన నవంబరు ఇక్కడ విశాఖ కార్తె, కొత్తిమీర చల్లే చలి మొదలు. అక్కడ ఎండాకాలపు వానల ఆరంభం, పగళ్ళు ఇంకా పొడుగవుతున్న రోజులు. అక్కడ పగలు పన్నెండు గంటల కంటే తగ్గేది మార్చి దాటాకే. ఇక్కడ దీపావళికి పూసే చిక్కుడు అక్కడ ఉగాదికి పూస్తుంది. ఇరవై ఏడు కార్తెల లెక్కా తలకిందులు. ఆ తోటమాలులు ఏ పుస్తకం లేకుండా కొత్త వరస కట్టుకున్నారు.

ఇటు నుంచి గింజలు వెళ్ళినట్టే అటు నుంచీ వచ్చాయి. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట మిరప వచ్చింది. బ్రిటిషువాళ్ళ కాలంలో టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్ ఇంగ్లీషు కూరలుగా వచ్చాయి. వీటికి ఏ సామెతా లేదు, ఏ కార్తె పేరూ లేదు. మిరప ఇబ్బంది పెట్టలేదు. వంగ కుటుంబంలోదే కాబట్టి వంగకు లాగే నారు పోసి నాటితే సరిపోయింది. పునాస వానలకు నారు, వానలు కాస్త తెరిపి ఇచ్చాక నాటు. అది ఎంతగా ఇంటిదైపోయిందంటే ఇది పరాయిదని చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. ఆబ్దికాల వంట మాత్రం మరిచిపోలేదు. చాలా ఇళ్ళలో ఆ రోజు మిరపకాయకు బదులు మిరియమే. టమాటా, క్యాబేజీ గడప తొక్కవు. కంద, అరటి, కాకర లాంటివే ఆకులో పడతాయి. వాస్కో డ గామాకు ముందు ఇక్కడి పెరట్లో ఏముండేదో తెలుసుకోవాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఇంగ్లీషు కూరల కాలం పట్టుకోవడానికి దొరలు బాగానే కష్టపడ్డారు. మద్రాసులో 1835లో రాబర్ట్ వైట్ చొరవతో వ్యవసాయ ఉద్యాన సంఘం ఏర్పడింది. నిజాం సైన్యంలో పెద్ద డాక్టరుగా పనిచేసిన రిడెల్, 19వ శతాబ్దం మధ్యలో ఈ దేశపు ఎండకూ వానకూ తగ్గట్టు తోటపని పుస్తకం రాశాడు. వాళ్ళను వేధించిన సమస్య గింజే. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. అంతకు ముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ఓడలో వచ్చిన గింజ ఉక్కకూ తేమకూ సగం చచ్చేది. బతికిన దాన్ని వానలు తగ్గే వేళకు నారు పోస్తే చలికాలానికి క్యాబేజీ గడ్డ కట్టేది. మరి దాని గింజ? మంచి చలి కొద్ది వారాలైనా తగలకపోతే క్యాబేజీ పూతకు రాదు. కాబట్టి మైదానంలో గింజ కట్టదు. ఈనాటికీ దాని విత్తనానికి కులూ లోయలోని కట్రాయిన్ లాంటి కొండ ప్రాంతాలే గతి. ఆనపబుర్రలో ఏటికేడు గింజ దాచుకునే ఇల్లాలికి, మొదటిసారిగా విత్తనం కోసం కొట్టు మీద ఆధారపడక తప్పని కూర ఇది. తెలుగు పెరడు స్వతంత్రం కోల్పోవడం హైబ్రిడ్ ప్యాకెట్లతో మొదలైందంటారు గానీ, ఆ తలుపు తీసింది క్యాబేజీ.

రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా బియ్యం ఆగిపోయాక, 1942-43లో సర్కారు అధిక ఆహారోత్పత్తి ఉద్యమం పెట్టి ఖాళీ జాగాల్లో కూరలు పెంచమంది. 1950లో కె.ఎం. మున్షీ జూలై మొదటి వారానికి వనమహోత్సవం పెట్టారు. సర్కారు కూడా చివరికి ఆరుద్ర, పునర్వసుల దగ్గరికే వచ్చిందన్న మాట. 1964లో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. అది ఏటా వేసే పుస్తకం పేరు వ్యవసాయ పంచాంగం. అందులోలా టమాటాకు జూన్-జూలై, అక్టోబరు-నవంబరు, జనవరి-ఫిబ్రవరి అని మూడు విత్తే కాలాలు చెప్పడం సామెతలకు సాధ్యం కాని పని. అటు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ అర్క జయ్, అర్క విజయ్ అనే పొట్టి చిక్కుడు రకాలు తీసింది. పగటి పొడవుతో వాటికి పని లేదు, పందిరీ అక్కరలేదు, ఎప్పుడు పెట్టినా సుమారు రెండున్నర నెలల్లో కోత. రైతుబజారులో మే నెలలో చిక్కుడు కనిపించడం వీటి పుణ్యమే. రుచి సంగతి పాత పందిరి కాయ తిన్నవాళ్ళను అడగాలి.

ఋతుపవనాలకు కూడా తేదీలు దిద్దాల్సి వచ్చింది. భారత వాతావరణ శాఖ రాకకు 1961 నుంచి, పోకకు 1971 నుంచి 2019 దాకా ఉన్న లెక్కలు తీసుకుని 2020లో ఊరూరికీ కొత్త రాక, పోక తేదీలు ప్రకటించింది. కేరళకు జూన్ 1 అలాగే ఉంది. వాయవ్యం నుంచి వానలు తిరుగుముఖం పట్టే తేదీ మాత్రం సెప్టెంబరు 1 నుంచి 17కు వెళ్ళింది. తేదీ చూసి మురిసిపోవడానికీ లేదు. 2009లో ఋతుపవనం మే 23కే కేరళ చేరింది, రోహిణి కార్తె ఇంకా పెట్టనేలేదు. ఆ ఏడు దేశమంతటా సగటు కంటే 22 శాతం తక్కువ కురిసింది. తొందరపడి పెట్టిన పాదులు జూన్‌లోనే మాడాయి.

ఇప్పుడు తెలుగువాళ్ళు కొత్త కార్తెలు కడుతున్న చోటు అమెరికా. న్యూజెర్సీలో మార్చి నెలలో కిటికీ పక్కన ప్లాస్టిక్ కప్పుల్లో ఆనప, గోంగూర నారు పోస్తారు. మే నడుమ, చివరి మంచు దాటిందనుకున్నాక పెరట్లో పెడతారు. జూన్‌లో అక్కడ పగలు 15 గంటలు. ఆనప, బీర ఆగస్టుకల్లా కాసేస్తాయి. గోంగూర పూత గొడవ లేకుండా ఏపుగా ఆకు వేసి, పచ్చడి జాడీలు నింపుతుంది. తంటా అంతా పందిరి చిక్కుడుతోనే. తీగ కంచె దాటి పాకినా పగళ్ళు తగ్గే సెప్టెంబరు దాకా మొగ్గ వేయదు, అక్టోబరులో మంచు పడి పిందెలు నల్లబడతాయి. డాలస్‌లో నవంబరు నడుమ దాకా మంచు రాదు. అక్కడివాళ్ళు నాలుగు కూరలకు సరిపడా కాయ కోసుకుంటారు.